పాతకాలపు పికప్ ట్రక్కుల్లో భారీ ఆరు సిలిండర్ల ఇంజన్లు

ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక సరుకు వేసుకునే తొట్టి ఉండే పికప్ ట్రక్కు అమెరికాలో రైతుల బండిగా, చిన్న వ్యాపారుల బండిగా స్థిరపడింది. దాని ఇంజన్ చాలావరకు కార్ల నుంచి వచ్చిందే. కారుకు తయారైన ఇంజన్‌కు గేర్లు మార్చి, కార్బురేటర్ మార్చి ట్రక్కులో పెట్టడం కంపెనీలకు చవక. అయితే 1950ల నుంచి 1990ల దాకా కొన్ని కంపెనీలు ఇందుకు ఎదురుగా నడిచాయి. లారీ కోసం, స్కూలు బస్సు కోసం, పొలం యంత్రం కోసం గీసిన ఇంజన్‌ను తెచ్చి పికప్‌లో అమర్చాయి. అలా వచ్చిన పెద్ద ఆరు సిలిండర్ల ఇంజన్ల గురించే ఈ వ్యాసం. ఘనపరిమాణంలో ఇవి ఆనాటి చిన్న వి-8 ఇంజన్లకు సమానం, కొన్ని అంతకంటే పెద్దవి కూడా. అయినా వీటిని వి-8 కొలబద్దతో కొలిస్తే వీటి విలువ అర్థం కాదు. లారీ కొలబద్దతోనే చూడాలి.

ఈ ఇంజన్ల పేర్లలోని అంకెలు ఘనపుటంగుళాల్లో చెప్పిన ఘనపరిమాణాలు. 300 ఘనపుటంగుళాలంటే దాదాపు 4.9 లీటర్లు. అంత పరిమాణాన్ని ఎనిమిది సిలిండర్లకు బదులు ఆరింటికే పంచితే ఒక్కొక్క సిలిండర్ చాలా పెద్దదవుతుంది. జనరల్ మోటార్స్‌కు చెందిన జీఎంసీ 305 ఇంజన్‌లో ఒక్క సిలిండరే సుమారు 833 సీసీ ఉంటుంది. మన మారుతి 800 కారులో మూడు సిలిండర్లూ కలిపితే 796 సీసీ. ఇంత పెద్ద పిస్టన్లు వేగంగా తిరగడానికి ఇష్టపడవు. తక్కువ చుట్ల దగ్గరే గట్టిగా లాగుతాయి. బరువేసిన బండిని నిలబడ్డ చోటు నుంచి కదిలించడానికీ, గేరు దించకుండా ఎత్తు ఎక్కించడానికీ కావలసింది ఆ లాగుడే. ఇంజనీరింగ్ భాషలో దాన్ని టార్క్ అంటారు.

తొలి తరం: వరస ఇంజన్లు

ఆరు సిలిండర్లను ఒకే వరసలో నిలబెట్టే పద్ధతి పాతది, నమ్మకమైనది. వరస ఆరు ఇంజన్‌లో పిస్టన్ల కదలిక వల్ల పుట్టే కుదుపులు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. అందుకే నాలుగు సిలిండర్ల ఇంజన్ కంటే ఇది నున్నగా తిరుగుతుంది.

జనరల్ మోటార్స్‌కు అప్పట్లో ట్రక్కులు అమ్మే విభాగాలు రెండు, షెవ్రోలే, జీఎంసీ. బయటికి బళ్ళు దాదాపు ఒకేలా కనిపించినా ఇంజన్లు వేరుగా ఉండేవి. జీఎంసీ 270 వరస ఆరు రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకుంది. అమెరికా సైన్యం వాడిన రెండున్నర టన్నుల సీసీకేడబ్ల్యూ లారీల్లో ఉన్నది ఇదే. ఆ లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఐరోపా రణరంగానికి సరఫరాలు మోసినవీ, అస్సాంలోని లేడో నుంచి బర్మా మీదుగా చైనా వైపు వేసిన దారిలో నడిచినవీ వీటిలో ఉన్నాయి. యుద్ధం తర్వాత ఇదే కుటుంబంలో 302 వచ్చింది. దాని బోర్ (సిలిండర్ వ్యాసం) 4 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా 4 అంగుళాలు. 1950ల సైనిక లారీల్లో అది ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో కలిసి పనిచేసింది.

ఈ కుటుంబానికి రేసు మైదానంలోనూ ఒక జీవితం ఉంది. వేన్ హోర్నింగ్ అనే రూపకర్త జీఎంసీ దిమ్మకు (సిలిండర్ బ్లాకుకు) పన్నెండు దారుల సిలిండర్ హెడ్ తయారు చేశాక, సైన్యం లారీ ఇంజన్ కాస్తా వేగం కోసం తపించేవాళ్ళ చేతికి చిక్కింది. యూటా రాష్ట్రంలోని బోన్నెవిల్ ఉప్పు మైదానంలో పాత ఇంజన్లకు ప్రత్యేక తరగతులున్నాయి. ఎక్స్‌ఓ అనే తరగతిలో జీఎంసీ వరస ఆర్ల సంప్రదాయం ఈనాటికీ ఆగలేదు.

షెవ్రోలే వైపు 1954లో 261 వచ్చింది. దాని పరిమాణం 4.3 లీటర్లు. జాబ్‌మాస్టర్ అనే పేరుతో మొదట బరువైన ట్రక్కులకూ, తర్వాత పికప్‌లకూ కోరుకున్నవారికి ఇచ్చారు. అప్పటికే అందరికీ తెలిసిన 235 ఇంజన్ రూపమే దీనిది. పక్క పక్క సిలిండర్ల మధ్య నీళ్ళు తిరిగే చోటును తగ్గించి, సిలిండర్ గోడలను కలిపి పోసి పెద్ద బోర్‌కు జాగా చేశారు. ఈ ఇంజన్‌కు అమెరికా కంటే బ్రెజిల్‌లో ఎక్కువ ఆయుష్షు దొరికింది. షెవ్రోలే బ్రెజిల్‌లో తయారు చేసిన తొలి ఇంజన్ ఇదే. అక్కడి పికప్‌లలోనూ, వెరానియో వంటి స్టేషన్ వ్యాగన్లలోనూ 1970ల దాకా నడిచింది.

జీఎంసీ వి-6: ఈ కథలో అసలు వింత

1960 మోడల్ సంవత్సరానికి జీఎంసీ ఒక సాహసం చేసింది. అంతవరకు పికప్‌లలో వాడిన వరస ఆర్లనూ, పాంటియాక్ కార్ల నుంచి తెచ్చుకున్న వి-8లనూ పక్కన పెట్టి, సరికొత్త వి-6 ఇంజన్ తెచ్చింది. అర టన్ను పికప్ నుంచి పెద్ద లారీల దాకా ఒకే కుటుంబం. అమెరికాలో భారీ సంఖ్యలో తయారైన తొలి వి-6 ఇదే అని చెప్పాలి. బ్యూక్ వి-6 రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. ఐరోపాలో లాన్చియా ఔరేలియా కారు 1950లోనే వి-6తో వచ్చినా, అది నాజూకైన చిన్న ఇంజన్. జీఎంసీ గీసింది మాత్రం దిట్టంగా పనిచేసే ఇనుప ముద్ద.

లారీ ఇంజన్‌కు వి ఆకారం ఎందుకు? పొడవు తగ్గించడానికి. ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు వరసలుగా వాలిస్తే ఇంజన్ పొట్టిదవుతుంది. ఇంజన్ పొట్టిదైతే క్యాబిన్ ముందు భాగం పొట్టిదవుతుంది, అదే మొత్తం పొడవులో సరుకు ఎక్కువ పడుతుంది. ఆ రోజుల్లో అమెరికా రాష్ట్రాలు లారీల మొత్తం పొడవు మీద పరిమితులు పెట్టాయి కాబట్టి లారీ యజమానులకు ప్రతి అంగుళమూ డబ్బే.

రెండు వరసల మధ్య కోణం 60 డిగ్రీలు. ఆరు కనెక్టింగ్ రాడ్లకూ క్రాంక్‌షాఫ్ట్ మీద విడివిడిగా ఆరు క్రాంక్‌పిన్లు ఉంటాయి. దాంతో ప్రతి 120 డిగ్రీలకు ఒకసారి క్రమం తప్పకుండా ఒక సిలిండర్ మండుతుంది. ఇక్కడ జీఎంసీ ఇంజనీర్ల పట్టుదలను మెచ్చుకోకుండా ఉండలేం. 1962లో వచ్చిన బ్యూక్ వి-6ను 90 డిగ్రీల కోణంతో, రెండు రాడ్లకు ఒకే పిన్ను పెట్టి చవకగా తయారు చేశారు. సిలిండర్లు సమాన వ్యవధిలో మండక అది తక్కువ చుట్ల దగ్గర వణికేది. జీఎంసీ ఖర్చుకు వెరవకుండా సరైన కోణమే ఎంచుకుంది.

స్పార్క్ ప్లగ్గుల అమరిక ఇంకో విశేషం. చాలా వి ఇంజన్లలో ప్లగ్గులు బయటి వైపు, ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ గొట్టాల పక్కన ఉంటాయి. జీఎంసీ వి-6లో అవి రెండు హెడ్ల మధ్య లోయ వైపు ఉన్నాయి. బానెట్ ఎత్తి పైనుంచి చెయ్యి పెడితే అందుతాయి, వైర్లు వేడికి కాలవు. రోజూ బండితోనే బతికే వాడికి ఇలాంటి చిన్న సౌకర్యం హార్స్‌పవర్ అంకె కంటే ఎక్కువ పనికొస్తుంది. పాత బండి బానెట్ కింద ఉన్నది అసలు వి-6 అవునా కాదా అని తేల్చుకోవడానికీ ఇదే తేలికైన గుర్తు.

పికప్‌లకు ప్రామాణికంగా ఇచ్చింది 305. బోర్ 4.25 అంగుళాలు, స్ట్రోక్ 3.58 అంగుళాలు. 1960లో ప్రకటించిన శక్తి నిమిషానికి 3,600 చుట్ల దగ్గర 150 హార్స్‌పవర్. టార్క్ 1,600 చుట్లకే 260 పౌండ్-అడుగులు, అంటే సుమారు 353 న్యూటన్ మీటర్లు. అదే ఏడాది పక్క షోరూమ్‌లో షెవ్రోలే పికప్ కొంటే 283 వి-8 దొరికేది. దాని శక్తి 160 హార్స్‌పవర్, టార్క్ 270 పౌండ్-అడుగులు. పైగా అది వి-6 కంటే బాగా తేలిక. కాగితం మీద పోలిస్తే 283 గెలుస్తుంది, సందేహం లేదు. కానీ 283 టార్క్ శిఖరం 2,000 చుట్ల దగ్గర, శక్తి శిఖరం 4,200 చుట్ల దగ్గర ఉంటాయి. వి-6 అంత తిరగకుండానే తన పని పూర్తి చేస్తుంది. స్ట్రోక్ పొట్టిది కావడంతో 3,600 చుట్ల దగ్గర కూడా దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 11 మీటర్లు దాటదు. తక్కువ రాపిడి, దళసరి గోడలు, నిదానమైన తీరు కలిసి దీని మన్నికకు మూలమయ్యాయి.

ఈ మన్నికకు కట్టిన మూల్యమూ చిన్నది కాదు. ఇంజన్ బరువంతా ముందు చక్రాల మీద పడేది. వెడల్పాటి సిలిండర్‌లో మంట అంచుల దాకా పాకడానికి సమయం పడుతుంది. టకటక కొట్టుకోకుండా ఉండాలంటే కంప్రెషన్ తక్కువగా ఉంచక తప్పదు. అందువల్ల పెట్రోలు తాగుడు ఎక్కువ. ఖాళీ తొట్టితో ఊళ్ళో తిరిగే పికప్‌కు ఈ ఇంజన్ అక్కరకు మించిన బలం అన్న విమర్శ న్యాయమైనదే. తొట్టి నిండా బరువుతో, వెనక ట్రెయిలర్‌తో రోజూ తిరిగే బండి విషయంలో ఆ విమర్శ నిలబడదు.

పెద్ద బళ్ళకు ఇదే కుటుంబంలో 351, 401, 478 అనే అన్నలున్నారు. 305, 351, 401 మూడింటికీ స్ట్రోక్ ఒకటే, బోర్ మాత్రమే పెరుగుతూ పోతుంది. అందువల్ల చాలా విడిభాగాలు ఒకదానివి మరొకదానికి పనికొస్తాయి. 478లో రెండూ పెరిగాయి. బోర్ 5.125 అంగుళాలు, ఒక్క సిలిండర్ దాదాపు 1.3 లీటర్లు. ఇక అందరినీ ఆశ్చర్యపరిచేది 702 ట్విన్ సిక్స్. 351 వి-6 కొలతలతోనే ఒకే దిమ్మలో పోసిన పన్నెండు సిలిండర్ల ఇంజన్ అది. పరిమాణం 11.5 లీటర్లు, శక్తి 275 హార్స్‌పవర్, టార్క్ 630 పౌండ్-అడుగులు. నాలుగు సిలిండర్ హెడ్లు, నాలుగు ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, రెండు కార్బురేటర్లు. ఫ్యాక్టరీ దీన్ని భారీ లారీలకే ఇచ్చింది, పికప్‌లో ఎన్నడూ పెట్టలేదు. ఈనాడు పికప్‌లలో కనిపించే ట్విన్ సిక్స్‌లన్నీ ఔత్సాహికులు తర్వాత అమర్చినవే.

1960ల మధ్యలో ఇదే దిమ్మ ఆధారంగా టోరో-ఫ్లో పేరుతో డీజిల్ ఇంజన్లు కూడా వచ్చాయి. వాటికి మంచి పేరు రాలేదు. పెట్రోలు ఇంజన్ పునాది మీద డీజిల్ కట్టడం అంత తేలిక కాదని జనరల్ మోటార్స్‌కు మళ్ళీ 1970ల చివరలో ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ కార్లతో తెలిసివచ్చింది.

కెనడాలో కథ వేరు. అక్కడి జీఎంసీ పికప్‌లలో వి-6 బదులు షెవ్రోలే వరస ఆర్లే కొనసాగాయి. అమెరికాలో కూడా 1960ల మధ్యకొచ్చేసరికి చవక బండి కావాలన్నవారికి జీఎంసీ షెవ్రోలే 230 ఇవ్వడం మొదలుపెట్టింది. హైవేలు పెరిగాయి, జనం పికప్‌ను కారులా వాడడం మొదలుపెట్టారు. వాళ్ళకు కావలసింది వేగం, తేలికైన స్టీరింగ్, తక్కువ ధర. రెండు విభాగాలకు వేరు వేరు ఇంజన్లు తయారు చేయడం జనరల్ మోటార్స్‌కే బరువనిపించింది. 1969 తర్వాత తేలిక పికప్‌లలో వి-6 ఆగిపోయింది. మధ్యరకం లారీల్లో 1974 దాకా మిగిలింది.

షెవ్రోలే 292, ఫోర్డ్ 300

జీఎంసీ వి దారి పట్టిన కాలంలోనే వరస ఆరు కూడా కొత్త రూపం తీసుకుంది. 1963లో షెవ్రోలే ట్రక్కులకు 292 వచ్చింది. పాత 261కు నాలుగు మెయిన్ బేరింగులే ఉండగా, దీనికి ఏడు. ప్రతి సిలిండర్‌కు రెండు వైపులా క్రాంక్‌షాఫ్ట్‌కు ఆసరా దొరికింది. స్ట్రోక్ 4.125 అంగుళాలు, బోర్ కంటే ఎక్కువ. అందుకే దిమ్మ ఎత్తు పెరిగింది. దీన్ని 250 ఇంజన్ ఉన్న బండిలోకి మార్చాలనుకునేవాళ్ళకు ఇంజన్ మౌంట్ల దగ్గరే మొదటి చిక్కు ఎదురవుతుంది. తర్వాతి కాలంలో దీన్ని మెక్సికోలో తయారు చేశారు.

ఫోర్డ్ 300 గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఈ తెగలో ఎక్కువ మంది నమ్మింది, ఎక్కువ కాలం బతికింది అదే. 1965లో ఎఫ్-సిరీస్ పికప్‌లలోకి వచ్చి 1996 దాకా, అంటే మూడు దశాబ్దాలు నిలిచింది. బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 3.98. మెయిన్ బేరింగులు ఏడు. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పడానికి చెయిన్ లేదు, పళ్ళ చక్రాలే. చెయిన్ సాగి టైమింగ్ తప్పే బాధ లేదు. అయితే చప్పుడు తగ్గించడానికి క్యామ్ చక్రాన్ని ఫైబర్‌తో చేశారు. ఏళ్ళు గడిచాక ఆ ఫైబర్ పళ్ళు విరగడం ఈ ఇంజన్‌కున్న ఒక ప్రసిద్ధ బలహీనత. బరువు పనికి ఉద్దేశించిన రకాల్లో లోహపు చక్రమే వేశారు.

ఫోర్డ్ 300 ఒక్క పికప్‌తో ఆగలేదు. యూపీఎస్ పార్సిల్ వ్యాన్లు, విమానాశ్రయాల్లో సామాను లాగే బళ్ళు, జనరేటర్లు, కొమ్మలు ముక్కలు చేసే యంత్రాలు ఇలా ఎన్నింటినో నడిపింది. గంటల తరబడి ఒకే వేగంతో తిరిగే పనుల్లో నిలిచిన ఇంజన్ పికప్‌లో ఎంత మన్నుతుందో వేరే చెప్పనక్కరలేదు. 1987లో కార్బురేటర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ పెట్టారు. శక్తి 150 హార్స్‌పవర్ దగ్గరే ఉండిపోయినా, 2,000 చుట్లకే సుమారు 260 పౌండ్-అడుగుల టార్క్ అందేది. 1997లో కొత్త ఎఫ్-150తో 4.2 లీటర్ల వి-6 వచ్చి దీన్ని తప్పించింది. ఉద్గారాల నిబంధనలు, ఇంధన పొదుపు లెక్కలు దీనికి అనుకూలంగా లేవు. ఒక ఇంజన్‌గా చూస్తే మాత్రం వచ్చిన కొత్తది పాతదానికి సాటి రాలేదనే చెప్పాలి.

హార్స్‌పవర్ అంకెల్లో ఒక మెలిక

పాత ప్రకటనల్లోని అంకెలను 1970ల తర్వాతి అంకెలతో నేరుగా పోల్చకూడదు. 1971 దాకా అమెరికా కంపెనీలు ఇంజన్‌ను పరీక్ష బల్ల మీద ఒంటరిగా, ఫ్యాన్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటి భారాలు లేకుండా కొలిచి చెప్పేవి. 1972 నుంచి బండిలో అమర్చిన తీరుగానే కొలిచే పద్ధతి వచ్చింది. అదే ఇంజన్ అంకె ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించడానికి ఇదొక కారణం. 1965 ఫోర్డ్ 300కు 170 హార్స్‌పవర్ అనీ, 1990ల ఇంజెక్షన్ రకానికి 150 అనీ చదివి పాతదే బలమైనదని అనుకోవడం పొరపాటు.

మరికొన్ని అరుదైనవి

పరిమాణంలో 4 లీటర్లకు లోపే ఉన్నా నిర్మాణంలో వింతైనది జీప్ టొర్నాడో. 1963 మోడల్ గ్లాడియేటర్ పికప్‌లో వచ్చిన ఈ 230 ఘనపుటంగుళాల ఇంజన్‌కు క్యామ్‌షాఫ్ట్ హెడ్ పైనే ఉంటుంది. అమెరికన్ ట్రక్కుకు అప్పటికి అది చాలా కొత్త. పైగా ప్రతి సిలిండర్‌కు ఒకే క్యామ్ గుబ్బ లోపలి, బయటి వాల్వులు రెండింటినీ తెరుస్తుంది. అమెరికాలో తొందరగానే మరుగునపడినా, అర్జెంటీనాలో ఐకా సంస్థ టొరీనో కారుతో దీనికి గొప్ప రెండో జీవితం దొరికింది.

ఆస్ట్రేలియా రైతుల యూట్ అనే పికప్ తరహా బళ్ళలో క్రైస్లర్ వేలియంట్‌ది ప్రత్యేకం. దాని హెమీ-6 ఇంజన్‌ను మొదట అమెరికాలో ట్రక్కుల కోసం మొదలుపెట్టి వదిలేశారు. ఆస్ట్రేలియా ఇంజనీర్లు దాన్ని పూర్తి చేశారు. 1971 నాటి 265 రకం పరిమాణం 4.3 లీటర్లు. అదే ఇంజన్ మూడు వెబర్ కార్బురేటర్లతో చార్జర్ కారులో రేసులకెక్కింది. ట్రక్కు కోసం ఊహించిన ఇంజన్ ఇలా రేసు కారుదైపోయింది.

డాడ్జ్ 1978లో ఒక్క ఏడాది తన పికప్‌లకు జపాన్‌లోని మిత్సుబిషి తయారు చేసిన 4 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇచ్చింది. టర్బో లేని ఆ ఇంజన్ శక్తి దాదాపు 100 హార్స్‌పవర్. కొన్నవారు కొద్దిమందే కాబట్టి ఇప్పుడు అలాంటి బండి దొరకడం చాలా కష్టం. పదకొండేళ్ళ తర్వాత, 1989లో అదే డాడ్జ్ కమిన్స్ 6బీటీని పికప్‌లో పెట్టింది. పరిమాణం 5.9 లీటర్లు, శక్తి 160 హార్స్‌పవర్, టార్క్ 400 పౌండ్-అడుగులు, బరువు దాదాపు అర టన్ను. ట్రాక్టర్ల కంపెనీ జె.ఐ. కేస్‌తో కలిసి కమిన్స్ తయారు చేసిన ఇంజన్ ఇది. పొలం యంత్రాలకూ, మధ్యరకం లారీలకూ గీసినది. అంతకు మూడు దశాబ్దాల ముందు జీఎంసీ చేసిన పనినే ఇక్కడ డాడ్జ్ మళ్ళీ చేసింది. ఈసారి కొనేవాళ్ళకు అదే కావాలి. వాళ్ళ ట్రెయిలర్లు బరువెక్కాయి, డీజిల్ పొదుపు తెలిసింది, టర్బో వచ్చింది. ఈ కుటుంబపు ఇంజన్లు మన దేశానికీ వచ్చాయి. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ జంషెడ్‌పూర్‌లో వీటిని తయారు చేయగా, ఆ ఇంజన్లతో టాటా లారీలు తెలుగు నేల హైవేల మీదా సరుకు మోశాయి.

సేకర్తల చేతిలో

పాత పికప్‌ను బాగుచేసేవాళ్ళు తరచుగా అసలు ఆరు సిలిండర్ల ఇంజన్ తీసేసి షెవ్రోలే వి-8 పెట్టేవారు. తేలిక, చవక, భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. అలా జీఎంసీ వి-6లు చాలా పాత ఇనుప సామాను దుకాణాలకు పోయాయి. ఇప్పుడు అసలు ఇంజన్‌తో ఉన్న బండికి విలువ పెరిగింది. దాన్ని కాపాడుకోవడంలో కష్టం కూడా ఉంది. ఫోర్డ్ 300కు, షెవ్రోలే 292కు కావలసినవి సులభంగానే దొరుకుతాయి. జీఎంసీ వి-6కు పిస్టన్లు, హెడ్ గాస్కెట్లు వెతుక్కోవాలి. కొనేముందు దిమ్మ మీద పోత గుర్తులు, ముద్ర వేసిన అంకెలు చదివి అది 305 అవునా, పెద్ద లారీ నుంచి తెచ్చిన 351 లేదా 401 అవునా అని తేల్చుకోవాలి. బయటి నుంచి చూస్తే ఈ మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి.